నా గొంతు కుదిరేదాకా

కొత్త గిటార్‌ని ఇంటికి తెచ్చిన రోజే దీని గొంతు ఇంతే అని తేల్చెయ్యకూడదు. ఆ తీర్పు మొయ్యాల్సింది నేనే కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి. నేను ఆరు ఉక్కు తీగల అకూస్టిక్ గిటార్‌ని. నా పైపలక సిట్కా స్ప్రూస్, మందం మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. వీపూ పక్కలూ రోజ్‌వుడ్, మన అడవుల్లో జిట్టేగి అనే చెట్టు. మెడ మహాగని. డ్రెడ్‌నాట్ అనే ఈ వెడల్పాటి ఆకారం 1916లో మార్టిన్ కంపెనీ చేతిలో పుట్టింది. పైపలక అడుగున ఎక్స్ ఆకారంలో అతికించిన కర్ర పట్టీల అమరిక ఇంకా పాతది, 1840ల నాటిది. పేగు తీగల కాలంలో వచ్చిన ఆ అమరికే తరవాత ఉక్కు తీగల లాగుడునూ తట్టుకుంది. మెడ లోపల నిలువునా ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూకు దాని మీద 1923లో పేటెంట్ వచ్చింది. నా వంశచరిత్రలో ముఖ్యంగా చూపదలచుకున్నది ఈ కడ్డీనే. మెడ కదలనిదైతే దాన్ని సర్దడానికి కడ్డీ ఎందుకు? ఒకసారి చేసి వదిలేస్తే నాతో సరిపోదని నన్ను రూపుదిద్దినవాళ్లకు ముందే తెలుసు. అందుకే సర్దుకునే ఏర్పాటు నా ఒంట్లోనే పెట్టారు.

నా మీద ఎంత బరువు పడుతుందో చూస్తే ఇది ఎందుకో తెలుస్తుంది. తీగల మందాన్ని గేజ్ అంటారు. 12 గేజ్ సెట్ వేసి శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు మెడ కాస్త ముందుకు వంగుతుంది, తీగలను పైపలకకు కట్టి ఉంచే బ్రిడ్జి వెనక ఆ పలక కాస్త ఉబ్బుతుంది. రెండూ కలిసి తీగను ఫ్రెట్ల మీంచి పైకి లేపుతాయి. ఆ ఎత్తునే యాక్షన్ అంటారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద దాదాపు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 1.6 నుంచి 1.8 దాకా ఉంటే ఎక్కువమంది చేతులకు సుఖంగా ఉంటుంది. కొత్తగా పెట్టెలోంచి తీసిన కొన్ని గిటార్లలో ఇది మూడు మిల్లీమీటర్లు దాటే ఉంటుంది. డబ్బు పోసి కొన్న వస్తువు సిద్ధంగా రావద్దా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ నేను ఏ ఊరి గాలిలో బతుకుతానో, ఏ తీగలు వేసుకుంటానో, నన్ను మునివేళ్లతో మీటుతారో ప్లెక్ట్రమ్‌తో బలంగా కొడతారో ఫ్యాక్టరీకి తెలియదు. బ్రిడ్జి గాడిలో కూర్చుని తీగలను మోసే శాడిల్ ఎముకను తరవాత అరగదీసి తగ్గించవచ్చు, అరిగిపోయినదాన్ని మళ్లీ పెంచలేరు. అందుకే కాస్త ఎక్కువ ఎత్తుతో పంపుతారు. సెటప్ అనే ఆ మిగిలిన పని నా కొత్త ఇంట్లోనే జరగాలి.

ఈ ఎత్తు వేళ్ల నొప్పికి సంబంధించిన సంగతే, గొంతుతో దానికేం పని అనేవాళ్లున్నారు. నాకు అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం చేసే మాట ఇదే. తీగ ఎంత ఎత్తులో ఉంటే దాన్ని ఫ్రెట్‌కు ఆనించడానికి అంత ఎక్కువ సాగదియ్యాలి. సాగిన తీగ స్వరం పైకి పోతుంది. అంటే ఖాళీ తీగలు ఆరూ ట్యూనర్‌లో సరిగ్గా ఉన్నా, పై ఫ్రెట్లలో పట్టిన కార్డ్ అపస్వరంగానే వినిపిస్తుంది. తల దగ్గర నట్‌లో తీగలు ఆనే గాళ్లకు లోతు చాలకపోతే ఈ తప్పు మొదటి ఫ్రెట్ దగ్గరే మొదలవుతుంది. ఎఫ్ బార్ కార్డ్ దగ్గర నేర్చుకోవడం ఆపేసినవాళ్లు ఎందరో. వాళ్లలో చాలామంది తమకు సంగీతం రాదనుకుంటారు, లేదా గిటార్ మంచిది కాదనుకుంటారు. ఒక్కసారి రెండో ఫ్రెట్‌కూ మూడో ఫ్రెట్‌కూ మధ్య తీగను నొక్కి, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో చూడమనండి. వెంట్రుక పట్టేంత సందు ఉండాలి. అంతకన్నా బాగా ఎక్కువ ఉంటే ఆ ఎఫ్ కష్టంలో పెద్ద వాటా నట్‌ది.

అసలు గొంతు కర్రదే కదా, మంచి కర్రయితే ఎలా ఉన్నా పలుకుతుంది అన్నది ఇంకో వాదం. పైపలక విషయంలో ఇందులో నిజం ఉంది. నా గొంతులో ఎక్కువ భాగం ఆ పలుచని స్ప్రూస్ ఊపిరే, దాన్ని తక్కువ చెయ్యను. వీపు కర్ర గురించి చెప్పుకునే గొప్పలకు మాత్రం ఆధారం తక్కువ. 2018లో వెలువడిన అధ్యయనం కోసం లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరు గిటార్లు చేయించారు. వీపూ పక్కల కర్ర తప్ప మిగతాదంతా ఒకేలా ఉంది. గిటార్ కనిపించకుండా మసక వెలుతురులో, వెల్డర్ల కళ్లజోళ్లు పెట్టి, 52 మంది వాద్యకారులతో వాయింపించారు. అరుదైన బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కూ చౌక కర్రలకూ వాళ్లు ఇచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా జిట్టేగి వీపు అందమంటే నాకూ ఇష్టమే. కానీ దాని పేరు చెప్పి సెటప్‌ను పక్కన పెడితే ఒప్పుకోను. వాయిస్తూ పోతే గొంతు అదే విచ్చుకుంటుంది, వేచి చూడాలి అని కూడా అంటారు. ఆస్ట్రేలియాలో ఒకే రకంగా చేసిన రెండు వయొలిన్లలో ఒకదాన్ని మ్యూజియంలో ఉంచి, రెండోదాన్ని తరచూ వాయిస్తూ మూడేళ్లు పోల్చి చూశారు. విన్నవాళ్లకు గట్టి తేడా దొరకలేదు. వయొలిన్ ఫలితం నాకు అచ్చంగా వర్తిస్తుందని అనను. కర్ర మారడానికి ఏళ్లు పట్టవచ్చేమో గానీ, శాడిల్ మారడానికి ఒక మధ్యాహ్నం చాలు.

ఆ పని ఇలా సాగుతుంది. ముందు మెడ వంపు చూడాలి. లావు తీగను ఒకటో ఫ్రెట్ దగ్గరా పద్నాలుగో ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ మీద సందు ఎంతుందో చూస్తారు. పావు మిల్లీమీటరు మించకూడదు. మించితే ట్రస్ రాడ్‌ను పావు చుట్టు మాత్రమే బిగించి, మళ్లీ శ్రుతి చేసి చూడాలి. యాక్షన్ తగ్గించడానికి కడ్డీ తిప్పడం తప్పు, కడ్డీ వంపు కోసమే. వంపు కుదిరాకే శాడిల్ సంగతి. పన్నెండో ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్‌లో ఒక మిల్లీమీటరు తియ్యాలి. ఎముక ముక్కను బయటికి లాగి, పెన్సిల్‌తో గీత గీసి, గాజుపలక మీద పరిచిన గరుకు కాగితంపై అడుగు భాగాన్ని నిటారుగా రుద్దుతారు. అడుగు ఒక పక్కకు వాలితే అది బ్రిడ్జి గాడిలో పూర్తిగా ఆనదు, తీగ కంపనం పైపలకకు సరిగా అందదు. ఎంత తగ్గిస్తే అంత మంచిదనే అత్యాశ కూడా వద్దు. మరీ కిందికి దించితే తీగ ఫ్రెట్లకు తగిలి బజ్‌మంటుంది, గట్టిగా కొట్టినప్పుడు గొంతు బిగుసుకుపోతుంది. నిండైన ధ్వని కావాలనుకునేవాళ్లు కాస్త ఎత్తు ఉంచుకోవడమే మేలు.

ఒకసారి చేయించాక ఇక చూడనక్కర్లేదా అంటే, గాలి ఊరుకోదు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే నాకు హాయి. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండల్లో పైపలక ఎండి కిందికి కుంగుతుంది, తీగ దిగి బజ్ మొదలవుతుంది. వానాకాలంలో, విశాఖ సముద్రపు గాలిలో అదే పలక ఉబ్బి తీగను లేపుతుంది, గొంతు కాస్త మందగిస్తుంది. చలికాలం హీటర్ నడిచే అమెరికా ఇళ్లలో మళ్లీ ఎండుదలే. ఇది నా నాసితనానికి గుర్తు అనుకునేవాళ్లు వీణ వైపు చూడాలి. దాని 24 మెట్లూ మైనం మీద నిలబడతాయి. మైనం కదిలితే మెట్లను స్వరం చూసి మళ్లీ కూర్చోబెట్టిస్తారు. బొబ్బిలి వీణ ఉన్న ఇంట్లో ఎవరూ దాన్ని లోపంగా ఎంచరు. నా ఫ్రెట్లు లోహపు గీతల్లా మెడలో దిగబడి ఉన్నాయి కాబట్టి నాకు ఆ శ్రద్ధ అక్కర్లేదనిపిస్తుంది, అంతే.

తీగల విషయం క్లుప్తంగా చెబుతాను. 10 గేజ్‌కు మారితే లాగుడు సుమారు 60 కిలోలకు దిగుతుంది, మెడ వంపూ మారుతుంది, కొలతలు మళ్లీ చూడాలి. కొత్త తీగల తళుకు కొన్నాళ్లకే తగ్గుతుంది, ఆ మొదటి మెరుపును నా సొంత గొంతు అనుకోవద్దు. నన్ను ఒళ్లో పెట్టుకున్నవారికి నా ధ్వని ఎదుటికి పోతుంది గనుక తక్కువగా వినిపిస్తుంది. వేరొకరిచేత వాయింపించి, గదిలో నాకు ఎదురుగా కూర్చుని వినండి.

ఇన్ని చేసినా సరికానివి కొన్ని ఉంటాయి. అవి ఉన్నప్పుడు కూడా నన్ను వెనకేసుకు రమ్మని అడగను. మెడ కుదురు కోణమే తప్పి, శాడిల్‌ను గాడి దాకా అరగదీసినా తీగ దిగదని కొలతల్లో తేలితే అది సెటప్‌తో పోయే జబ్బు కాదు. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరుతోందంటే జిగురు వదులుతోంది. ఫ్రెట్ల కొసలు అంచున గుచ్చుకుంటూ, పైపలకలో నిలువు చీలిక కూడా కనిపిస్తే నేను ఎక్కడో బాగా ఎండిపోయానని అర్థం. వీటిలో ఏది కనిపించినా శాడిల్ మీద చెయ్యి వెయ్యకముందే, రసీదుతో సహా నన్ను కొన్న దుకాణానికి తిరిగి ఇచ్చెయ్యండి.