ఒక్క లైను రాయండి మహాప్రభో

"ఎర్ర లైటు వెలుగుతోందా సార్?" లేదండీ. "అయితే నెట్ వస్తోందిగా?" వస్తోందండీ. "మరి కంప్లైంట్ ఏంటి సార్?"

అది చెప్పలేకే చస్తున్నాను. ఇంట్లో సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నాను. ఎందుకూ అని మా ఆవిడ ఇప్పటికే అడిగేసింది కాబట్టి మీరు అడక్కండి. డొమైన్ నాది, డబ్బు కట్టి కొన్నాను. స్టాటిక్ ఐపీకి విడిగా కడుతున్నాను. నా పేరుకి ఫలానా నంబరు అని రాసుకోవడం నా చేతిలోనే ఉంది. ఆ నంబరు ఫలానావాడిది అని రాయాల్సింది మాత్రం నంబర్లు ఎవరివో వాళ్ళు, అంటే నెట్ కంపెనీ. 203.0.113.25 అనుకోండి, దాన్ని వెనకనుంచి 25.113.0.203 అని తిప్పి, 'ఇన్-యాడర్-ఆర్పా' అనే తోక తగిలించి, ఎదురుగా నా సర్వర్ పేరు రాయాలి. ఒక్క లైను. ప్రస్తుతం అక్కడ నా నంబరుకే అడ్డగీతలు పెట్టి, చివర కంపెనీ పేరు అతికించి ఉంది. అలాంటి పేరు చూస్తే మెయిల్ అందుకునేవాళ్ళకి ఎక్కడలేని అనుమానం. పైగా జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి ఈ రివర్స్ డీఎన్‌ఎస్ సరిగ్గా ఉండాలని నియమమే పెట్టింది.

కస్టమర్ కేర్ ఆలోచించి ఆలోచించి ఒక కుర్రాణ్ణి పంపింది. నిచ్చెనతో.

"ముందు పోల్ చూద్దాం సార్" అన్నాడు. మా గల్లీ పోల్ మీద ఏ వైరు ఎవరిదో పెట్టినవాడికే తెలీదు. ఎక్కి ఏదో కదిపాడు. దిగొచ్చి ఫైబర్ ఊడదీసి పవర్ మీటరుకి గుచ్చాడు. మైనస్ 19. "సూపర్ ఉంది సార్!" సంతోషమే, నేనూ కాదనలేదు. అయినా కనెక్టర్ కోసి కొత్తది వేశాడు. మళ్ళీ మైనస్ 19. ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెట్టి, ముల్లు పైకెళ్తుంటే మా ఇంటిల్లిపాదికీ చూపించాడు. ఇంతలో ఎదురింటి ఆంటీ తమ నెట్ పోయిందంటూ వచ్చింది. మళ్ళీ పోలెక్కాడు. ఆమె నెట్ వచ్చింది, ఇంకెవరిది పోయిందో తెలీదు. మా ఆవిడ టీ ఇచ్చింది. అన్నీ అయ్యాక "మరి రివర్స్ సంగతి?" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, రౌటర్‌ని తిరగేసి అడుగున స్టిక్కర్ చదివాడు.

తర్వాత నెమ్మదిగా, "ఓటీపీ చెప్పండి సార్. టికెట్ క్లోజ్ కాకపోతే నాకు పైసలు కట్ అయితయి."

చెప్పేశాను.

అతణ్ణి ఏమనను? ఆ లైను రాసే మనిషిని అతనూ ఎన్నడూ చూసి ఉండడు. మెయిల్ అందుకునేవాళ్ళనీ తప్పుపట్టలేను. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు చెత్త కుమ్మరించబట్టే కదా ఇళ్ళనుంచి వచ్చే మెయిల్ని గుమ్మం తొక్కనివ్వనిది. 1980లలో ఈ ఏర్పాట్లు చేసినవాళ్ళు మాత్రం యంత్రమూ ఓపికా ఉన్నవాడెవడైనా ఉత్తరాలు పంపుకోవచ్చుననే అనుకున్నారు. ఆ 'ఆర్పా' తోక ఆనాటి ఆర్పానెట్‌దే. ఓపిక నాకు ఇప్పటికీ ఉంది. నన్ను ఎరుగుదుమని చెప్పేవాళ్ళే లేరు.

సాయంత్రం మెసేజ్: 'మీ సమస్య పరిష్కరించబడినది. రేటింగ్ ఇవ్వగలరు.' కుర్రాడి కోసం 5 స్టార్లు ఇచ్చాను. చూస్తే రికార్డులో ఆ గీతల పేరే ఉంది. రేపు సర్వీసు కాకుండా బిల్లింగ్ నొక్కుతాను. డబ్బు సంగతి చూసేవాళ్ళకి నేనెవరో బాగా తెలుసు.