మా అత్త కూడా డేటా సెంటరే

గూగుల్ డేటా సెంటర్ పెట్టడానికి మన ఊరు విశాఖ వస్తోంది. 1,500 కోట్ల డాలర్లు, ఒక గిగావాట్. శుభం. నాకు అరగనిదల్లా నీటి చార్జీల్లో ప్రభుత్వం దానికి ఇచ్చిన 25 శాతం రాయితీ. ఎందుకయ్యా అంటే, యంత్రాలు వేడెక్కుతాయి, చల్లబరచాలి.

వేడెక్కడమే అర్హతైతే ఆరిలోవ కొండవాలులో మా మేనత్త ఉంది. ఆవిడ తరఫున దరఖాస్తు రాసేశాను.

సంస్థ స్వభావం: డేటా సెంటర్. నిల్వ: 78 ఏళ్ల సమాచారం. ఎవరు ఎవరికి బాకీ, ఏ పెళ్లిలో ఎవరు అలిగారు, ముడసర్లోవ జలాశయంలో ఏ ఏడు ఎందాకా నీళ్లున్నాయి, అన్నీ భద్రం. అడక్కపోయినా జవాబిస్తుంది కాబట్టి కృత్రిమ మేధ కంటే ఒక మెట్టు పైనే. బ్యాకప్: పక్కింటావిడ. గోప్యత: అస్సలు లేదు. కూలింగ్: నాలుగు బిందెలు. మే నెలలో ట్యాంకర్ రాకపోతే సర్వర్ వేడెక్కి వీధి వీధినంతా తిడుతుంది. ఆ సేవకు చార్జీ లేదు.

స్థలం సమస్య కూడా లేదు. కంపెనీకి చూపించిన చోట్లలో అడవివరం–ముడసర్లోవ ఒకటి, ఆరిలోవ దాని పక్కనే. యంత్రానికి వేసే పైపుకి మధ్యలో ఒక కుళాయి తగిలిస్తే సరి.

సంతకం పెట్టమంటే అత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఏటిరా, నన్ను మిసన్ని సేసీసినావేటి? సేసుకో. నీలొస్తే అదే సాలు."

ఇంకా వానలే వెళ్లలేదు, అప్పుడే ఎండాకాలం ఏడుపేమిటంటారేమో. జలాశయం లెక్క వేయాల్సింది వానల్లోనే. మేలో చేయగలిగేది గేజీ దగ్గర నిలబడి అడుగులు చదవడం, కంగారు వద్దని ప్రకటన ఇవ్వడం. ముడసర్లోవ మీద 2018లో 2 మెగావాట్ల సౌర పలకలు తేలేశాం. తేలడానికైనా కింద నీళ్లుండాలి కదా.

నవ్వులాట చాలు, దరఖాస్తు చించేస్తున్నాను. అసలు ఈ ఊరు తాగే నీళ్లలో ఊరివి ఎన్ని? తాటిపూడి జలాశయం నుంచి వచ్చేవి విజయనగరం జిల్లా గోస్తనివి. రైవాడవి శారదా నదివి. ఆ నీళ్లు మా పొలాలకే వదలండని అక్కడి రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. ఏలేరు నీళ్లు 153 కిలోమీటర్ల కాలువలో వస్తాయి, అదీ ఉక్కు ఫ్యాక్టరీ పేరు చెప్పి తవ్విన కాలువ. ఒకరి మడి ఎండగట్టి తెచ్చుకున్న నీళ్లను ఇంకొకరికి ధర తగ్గించి ఇవ్వడానికి మీరెవరు? కూలి డబ్బులతో నీళ్లు కొనుక్కునే కొండవాలు మనిషికి పావలా తగ్గిద్దామని మీలో ఒక్కరికైనా ఎందుకు తోచలేదు?

కంపెనీని రావద్దనడం లేదు. మేఘాద్రిగెడ్డ, రైవాడ జలాశయాల్లో గేజీల మీద ఒక ఎర్ర గీత గీయండి. నీళ్లు దాని కిందికి జారిన రోజు ముందు ఎవరి కుళాయి కట్టేస్తారో, యంత్రానిదో మనిషిదో, రాయితీ ఎంతో రాసిన ఆ కాగితం మీదే రాయండి. ఇప్పుడే, జలాశయాల్లో నీళ్లుండగానే.