టేపు మామ

చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట ఇనప టేపుందంటే ఆ పెద్దమనిషి పాతింట్లో కొత్త వంటిల్లు చేయిస్తున్నాడని లెక్క. నెల్లూరులో ఈ జాతి ఈమధ్య బాగా పెరిగింది. మూలాపేట, రంగనాయకులపేట పక్క గోడకు గోడ ఆనించి కట్టిన అరుగుల ఇళ్లు ఇంకా కొన్ని మిగిలున్నాయి. పిల్లలు డల్లాస్‌లోనో బెంగుళూరులోనో ఉంటారు. ఇల్లు అమ్మడానికి మనసు రాదు, రిటైరయ్యాక చేతులు కట్టుకు కూర్చోడానికి ఒళ్లు ఒప్పదు. ముప్పై ఏళ్లు మంచినీళ్లు కూడా కూర్చున్న చోటికే తెప్పించుకున్న మనిషికి ఉన్నట్టుండి వంటింట్లో సర్దుబాటు లేదని తోస్తుంది.

మా వీధిలో అలాంటాయన ఒకడున్నాడు. ఊళ్లో సగం మందికి ఆయన మామే కాబట్టి టేపు మామ అయినాడు. సోమశిల కాలవల మీద పనిచేసి రిటైరైనాడు. ఇల్లు ఆయన తాత కట్టించింది. నెల్లూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కదా, మిద్దె కూడా మద్రాసు మిద్దే: టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నం పోసి గట్టిచేసింది. వంటింటి మూల పొయ్యి, దాని నెత్తిన పొగగూడు. వేడిగాలి పైకిపోతుందన్న ఒక్క ధైర్యంతో, కరెంటు లేకుండా వందేళ్లుగా పొగను బయటికి పంపుతున్న గూడది. మామ మొట్టమొదట పూడ్పించింది దాన్నే. తర్వాత గంటకు 1200 ఘనమీటర్ల గాలి లాగే చిమ్నీ కొన్నాడు. దాని గొట్టం బయటికి పోవడానికి దారి లేక మూడు చోట్ల వంచాల్సి వచ్చింది. ఒక్కో వంపుకూ లాగే శక్తి కొంత తగ్గుతుంది. కాలవల్లో నీళ్లకు ఎక్కడెక్కడ వేగం చస్తుందో నోటిలెక్కగా చెప్పే మామకు గాలి దగ్గర మాత్రం ఆ శాస్త్రం గుర్తుకు రాలేదు. తాలింపు పెడితే ఎండుమిరపకాయ ఘాటు ముందు హాల్లోకి వచ్చి, అక్కడ కూర్చున్న మామను పలకరించి, తర్వాతే చిమ్నీ వైపు పోతుంది.

రంగు విషయంలో మాత్రం మామ ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే. అందరిలా తెలుపూ బూడిదా వేయిస్తే ఇంక మనమెందుకన్నాడు. అత్త వెంకటగిరి పట్టుచీరొకటి, నెమలికంఠం రంగుది, సంచీలో పెట్టుకుని ట్రంకురోడ్డు మీద లామినేట్ షాపులన్నీ తిరిగాడు. షాపు కుర్రాడు చూపించిన ప్రతి ముక్క మీదా చీరకొంగు పరిచి చూశాడు. చివరికి దొరికింది. గట్టుకు చీమకుర్తి గ్యాలక్సీ రాయి తెప్పించాడు. నల్లగా నిగనిగలాడుతూ లోపల బంగారు పొడి చల్లినట్టుంటుంది. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు, వంట చేయడానికి మాత్రం రెండు కళ్లూ పనికిరావు. మెరిసేది రాతిలో మచ్చో, చెయ్యి జారిన మెంతిగింజో తెలీక అత్త వేలితో గోకి చూసుకుంటుంది.

మామ పెళ్లిభోజనాల్లో పక్కవాళ్లకు చెప్పే పురాణం ఒకటుంది. వంటింటికి శాస్త్రం రాసింది జర్మనీలో ఒకావిడ అంటాడు. నిజమే. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ ఊరి ఇళ్ల కోసం మార్గరెటె షుట్టె లిహోట్‌స్కీ అనే వియన్నా ఆర్కిటెక్టు, 1.9 మీటర్ల వెడల్పూ 3.4 మీటర్ల పొడవూ ఉన్న వంటింట్లో అన్నీ చేతికందేలా అమర్చింది. దాదాపు పదివేల ఇళ్లలో అదే నమూనా పెట్టారు. ఇవాళ మనం మాడ్యులర్ అంటున్నదానికి తల్లివేరు అదే. అయితే మామకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన సంగతి వేరే. ఆ నమూనా గీసేనాటికి తనకు వంటే రాదని ఆవిడే చెప్పుకుంది. "చూశావా? వంట వస్తే వంటిల్లు కట్టలేం అబ్బయా" అంటాడు మామ, అప్పడం విరుస్తూ. ఆవిడ గడియారం పెట్టి, ఇల్లాళ్ల పనంతా కదలిక కదలికా లెక్కగట్టిందన్న సగం మాత్రం అప్పడంతో పాటు నమిలేస్తాడు.

ఒకసారి అదీ చేశాడులెండి. ఫోను పట్టుకుని అత్త వెనకాలే తిరుగుతూ అడుగులు లెక్కపెట్టాడు. పప్పు దించేసరికి ఇన్ని అడుగులైతే ఎట్లా అని నిలదీశాడు. "అందులో సగం మీరు అడ్డం ఉండారని చుట్టూ తిరిగినవే" అంది అత్త.

తర్వాత గోడ మొదలైంది. పాత సున్నం గోడ మెత్తన. డ్రిల్లింగ్ మిషను సుఖంగా దిగింది, మర మాత్రం బిగిస్తుంటే అక్కడే గిరగిరా తిరుగుతోంది. పైగా గోడ కిందికీ పైకీ రెండంగుళాల తేడా. కంపెనీ పెట్టెలేమో నాలుగు మూలలూ మట్టంగా ఉంటాయి. "సారూ, గోడ వంకరగా ఉండాదా, పెట్టె వంకరగా ఉండాదా, ఒకటి తేల్చండి" అన్నాడు మేస్త్రి. మామ గోడదే తప్పని తీర్పిచ్చి, సున్నం మీద సిమెంటు పూయించాడు. సున్నం గోడ చెమ్మ పీల్చి వదులుతుంటుంది, సిమెంటు దాని ముక్కు మూస్తుంది. కార్తీకంలో వాయుగుండం వచ్చి నాలుగురోజులు వాన పట్టేసరికి పూతంతా ఉబ్బి ఊడింది. చివరికి నేల మీంచి ఇనప చట్రం లేపి, పెట్టెల్ని దానికి తగిలించారు. చట్రానికీ గోడకూ నడుమ మిగిలిన సందులో బల్లులు స్థిరపడ్డాయి.

ఈలోగా మైపాడు దగ్గర వాళ్ల తోడల్లుడి ఇంటికీ సలహా ఇచ్చొచ్చాడు. సముద్రం గాలికి మామూలు కీళ్లు ఆర్నెల్లకే ఎర్రబడి, తలుపు తీస్తే ఏడుపు మొదలుపెట్టాయి. అప్పట్నించి మామ 304 స్టీలుకూ 316 స్టీలుకూ తేడా, ఉప్పుగాలికి ఆగే మాలిబ్డినం మహిమ, అడక్కుండానే వివరిస్తున్నాడు. తోడల్లుడు మాత్రం ఇంకా మాట్లాడటం లేదు.

అసలు పేచీ గట్టు ఎత్తు దగ్గర వచ్చింది. డల్లాస్ కొడుకు తన ఇంట్లో కొలిచి 36 అంగుళాలని పంపాడు. మామ దాన్ని శాసనంగా తీసుకున్నాడు. ఆయన టేపు గోడ మీద వాలింది, గ్యాస్ బండ మీద వాలింది, పచ్చడి జాడీల మీద వాలింది, అత్త మీద మాత్రం వాల్లేదు. అత్త నాలుగడుగుల పదంగుళాలు. మామూలు రోజుల్లో పీట ఎక్కి నెట్టుకొచ్చింది. చేపల పులుసు నాడు కుదరలేదు. మామిడికాయ ముక్కలేసి ఉడుకుతున్న పులుసులో గరిటె పెడితే చేపముక్క విరుగుతుంది. దబర అంచుల్ని గుడ్డతో రెండు పక్కలా పట్టుకుని, పొయ్యి మీద అటూఇటూ వాటంగా తిప్పాలి. మోచేతులు దబరకంటే పైన ఉంటేనే ఆ వాటం వస్తుంది. పీట మీద నిలబడి, ఉడుకుతున్న దబర తిప్పడం సర్కస్ వాళ్ల పని.

"నేనేమన్నా కొంగనా, మెడ చాచి చూసుకోడానికి?" అంది అత్త.

"వాడకంలో అలవాటైపోద్ది" అన్నాడు మామ, సొరుగు దానంతటదే మెత్తగా మూసుకోవడాన్ని ముచ్చటగా చూస్తూ.

మామ కొత్త చిమ్నీ మోడళ్లు చూసి రావడానికి చెన్నై పోయిన రోజు అత్త మేస్త్రిని పిలిపించింది. గట్టు ముందు నిలబడి, మోచెయ్యి మడిచి, దానికి జానెడు కింద పసుపుతో గీత గీసింది. మేస్త్రి పొయ్యి పక్క నాలుగడుగుల మేర రాయి లేపి, కింది పెట్టెలు తీసేసి, ఆరంగుళాలు దించేశాడు. సాయంత్రానికి పులుసు కూడా అయింది. మామ రాత్రి రైలు దిగి వచ్చి, దించిన గట్టు వంక చూశాడు. పులుసు వాసనా చూశాడు. రేపటికి ఇంకా బాగుంటుందని తెలిసీ ఆపుకోలేక అప్పుడే అన్నం పెట్టమన్నాడు. ఏమీ అనలేదు.

మర్నాడు ఎదురింటాయనకు చూపిస్తూ చెప్తున్నాడు: "దీన్ని రెండంతస్తుల గట్టంటారు. పులుసుకు 30, మిగతా వాటికి 36. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూడా లేదిది. చేపలు తినే ఊరికి వంటిల్లు చేపల్ని బట్టి ఉండాల."

ఎదురింటాయన ముగ్ధుడై తన ఇంట్లోనూ పని అప్పజెప్పాడు. మామ టేపు తీసుకుపోయి, గోడలూ బండా జాడీలూ మళ్లీ కొలిచి, ఈసారి గట్టు మొత్తం 30 అంగుళాలకే పోయించాడు. ఎదురింటి వదిన ఐదడుగుల ఎనిమిదంగుళాలు ఉంటుంది. ఆవిడకిప్పుడు మామ కొత్తగా నడుంనొప్పికి ఏ డాక్టరు మంచివాడో కూడా సలహా ఇస్తున్నాడు.