ఎదురొచ్చే ముత్తైదువకు మిస్డ్ కాల్

అమెరికాకు పోయే పిల్లోడు ఆఖరి రోజు సొంతింట్లో ఉంటాడనుకుంటే మీరు తిరుపతికి కొత్త. ఆ రోజు వాడు ఎదురింటి వరండాలో ఉంటాడు.

విమానం చెన్నైలో అర్ధరాత్రి దాటాక. రేణిగుంట విమానాశ్రయానికి 2017లోనే అంతర్జాతీయ హోదా ఇచ్చారు గానీ, హోదా ఎక్కి అమెరికా పోలేం కదా. పుత్తూరు, నగరి మీదుగా చెన్నైకి కారు కట్టాల్సిందే. సాయంత్రం బయల్దేరితే చాలు. కానీ సాయంత్రం వర్జ్యం. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా సోమవారపు రాహుకాలం. కాబట్టి 9.12కు కుడికాలు ముందు పెట్టించి గడప దాటించేస్తారు. దాటినవాడు మళ్లీ లోపలికి రాకూడదు. ఇక పొద్దుగూకే దాకా ఎదురింటివాళ్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సొంతింటి తాళింపు వాసన పీలుస్తుంటాడు. ఛార్జరు లోపల మర్చిపోతే తమ్ముడు గోడ మీంచి విసురుతాడు. సంగటి ముద్ద, ఊరిబిండి పళ్లెంలో పెట్టుకుని వాళ్లమ్మ వీధి దాటొచ్చి తినిపిస్తుంది.

దీనికి ప్రస్థానమని పేరు. పూర్వం మంచి ఘడియలో మనిషికి బదులు మూటను పక్కింట్లో పెట్టొస్తే సరిపోయేది. ఇప్పుడు మూటకు తీరిక లేదు. 23 కిలోలు దాటిందా లేదా అని అది ఇంకా కాటా మీదే ఉంది. అందుకని మనిషిని పెట్టొస్తున్నారు.

దిక్కుల లెక్క ఇంకా ముచ్చట. సోమ, శనివారాలు తూర్పుకు వారశూల, అంటే అటు బయల్దేరకూడదు. శుక్ర, ఆదివారాలు పడమరకు. కారు తూర్పుగా చెన్నైకి పోతుంది, విమానం పడమరగా దుబాయ్‌కి పోతుంది. టిక్కెట్టు సోమవారానిదైతే, “చేరే ఊరు ముఖ్యం నాయనా, అది పడమర” అంటాడు పురోహితుడు. శుక్రవారానిదైతే, “తొలి అడుగు ముఖ్యం, కారు తూర్పుకే గదా” అంటాడు. సింగపూరు మీదుగా పోయేవాడి సంగతేమిటని అడిగితే దక్షిణ పెరిగింది.

శాస్త్రం సర్దుబాటును మెచ్చుకోవాలి. సముద్రం దాటడమే పాతకమని ఒకప్పుడు వెలేసింది అదే. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1911లో అనీబిసెంట్ వెంట ఇంగ్లండుకు పోయే నాటికీ ఆ పట్టింపు పూర్తిగా పోలేదు. ఇప్పుడు పాతకం రద్దయింది, దాటే టైముకు మాత్రం ఫీజుంది.

రాయచోటి నుంచో పీలేరు నుంచో కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడమనిషికి ఈ తంటా లేదు. ఆమెకు 30 ఏళ్లు నిండాయా అని సర్కారు చూస్తుంది. టిక్కెట్టు ఏ రోజుకని ఏజెంటు చూస్తాడు. శూల ఎవరూ చూడరు. ఆమె ఎక్కిన విమానం కూడా కువైట్‌లోనే దిగుతోంది.

అన్నిటికీ మించిన నాటకం శకునం. శకునమంటే దానంతటది ఎదురు కావాలి. మనవాళ్లు రిహార్సల్ వేయిస్తారు. “అక్కా, గేటు తీసేటప్పుడు మిస్డ్ కాల్ ఇస్తాం. బిందె ఎత్తుకోని అట్ల వచ్చెయ్.” “నిండు బిందె ఎత్తే వయసా నాది? చెంబుతో వస్తాలే.” వీధంతా క్యాన్ నీళ్లు తాగే కాలంలో పొద్దున్నే పట్టుచీర కట్టుకుని ఇత్తడి చెంబుతో ముత్తైదువ “అనుకోకుండా” ఎదురవుతుంది. ఒక్కోసారి టైమింగ్ తప్పితే రెండో టేకు కూడా ఉంటుంది. విధిని ఇంత బాగా డైరెక్ట్ చేయగలిగినవాళ్లు దానికి భయపడటమెందుకో!

ఇంతకీ ఆ 9.12కు అవ్వ ఎక్కడుంది? వెనక వంటింట్లో, తలుపు దగ్గరికేసుకుని. ఆ పిల్లోణ్ణి చంకనేసుకుని గంగమ్మ జాతర తిప్పింది ఆమె. మొగుడు పోయాక పెట్టెలో మిగిలిన బంగారం తాకట్టు పెట్టి వీడి మొదటి సెమిస్టరు ఫీజు కట్టిందీ ఆమే. ఆ బంగారానికి దోషం లేదు, ముఖానికే ఉంది. ఆమెను దాక్కోమని ఎవరూ చెప్పరు, మనది అంత మొరటు కుటుంబం కాదు. ఆమే పోయి దాక్కునేలా ఇంట్లో అందరూ కాసేపు మాట్లాడకుండా ఉంటారు, అంతే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం వితంతువుకు మళ్లీ పెళ్లే జరిపించారు. మనం ఆమె వాకిట్లోకి రావచ్చా అన్న దగ్గరే ఇంకా ఆగి ఉన్నాం.

అక్కడ దిగిన మర్నాడు పిల్లోడు వీడియో కాల్ చేస్తాడు. సరిగ్గా తొలిరోజు యూనివర్సిటీకి బయల్దేరుతుంటాడు. ఫోను నిండా అవ్వ ముఖం. “తిన్నావా నాయనా?” ఫోన్లో ఎదురొస్తే దోషం లేదని పురోహితుడు ముందే తేల్చేశాడు.