పునరారంభశూరుడు

ఆంధ్రులు ఆరంభశూరులను అపవాదమును మనపై మోపిన మహానుభావుడెవరో గాని, అతడు తన జీవితమున ఒక్కనాడైనను పొట్ట తగ్గించుకొనుటకు ప్రయత్నించినవాడు కాడని నేను ప్రమాణము చేసి చెప్పగలను. ఏలయన, ఆ మహాకార్యమున ఆరంభము తప్ప వేరొకటి లేదు. ఉగాదినాడు ఆరంభించి, శ్రీరామనవమి పానకము కడ విరమించి, రక్తపరీక్షాపత్రమును చూచి వైద్యుడు కండ్లద్దములు సవరించుకొనిన తీరునకు జడిసి మరల ఆరంభించి, మేనకోడలి పెండ్లిలో పూర్ణపు బూరెల సమక్షమున మరల విరమించి, ఇట్లు సంవత్సరములు గడపినవానిని ఆరంభశూరుడని లోకము నిందించిన నిందించుగాక. నేను దానిని బిరుదముగనే ధరించుచున్నాను.

ఆరంభమునకు గల వైభవము అనంతరకాలమునకు లేదు. క్రొత్త బూట్లు కొన్ననాడు ఇంటిల్లిపాదియు వచ్చి తొడిగి చూతురు. మూడవనాడు ప్రక్కయింటివారు "ఎంత తగ్గారండీ?" యని ఆదరముతో అడుగుదురు. మూడవ సంవత్సరమున వారే "ఇంకా నడుస్తూనే ఉన్నారా?" యని అడుగుదురు. ఈ రెండు ప్రశ్నల నడుమ గల ఎడారిని దాటుట ఎట్లని ఏ గ్రంథమునను వ్రాయలేదు. వ్యాయామశాలల వారు మాత్రము ఈ రహస్యమును చక్కగ నెరిగినవారగుటచే, సంవత్సరపు రుసుమును ఒక్కసారిగ చెల్లించినవారికి సగము తగ్గింతు మందురు. సొమ్ము చెల్లించిన సభ్యులందరు ఒకేనాడు విచ్చేసినచో ఆ శాలలో కాలు మోపుటకు చోటుండదు. రానివారి సొమ్ముతో వచ్చువారు కండలు పెంచుదురు. ఈ లెక్కన మా పేటలోని పెక్కుమంది యువకుల బాహుబలమునకు నేను అజ్ఞాతపోషకుడను.

ఇక ఆహారమందురా, మన తెలుగునాట సిద్ధాంతములకు కరవు లేదు. ఉప్పును నూనెను త్యజించి మొలకెత్తిన గింజలు నమలుమని ఒకరు బోధించిరి. అన్నమును త్యజించి కొబ్బరినూనెను త్రాగి, నిమ్మకాయలు పిండుకొనుమని మరియొకరు బోధించిరి. ఈ ఇరువురి నడుమ కొట్టుమిట్టాడుచుండగా కొర్రలు, సామలు, అరికలు, ఊదలు, అండుకొర్రలు అను పంచధాన్యములతో వేరొక మతము వెలసినది. మా వంటింటి అలమరలో ఈ మూడు మతముల అవశేషములును డబ్బాలలో భద్రముగ నున్నవి. నెల మొదట మా ఆవిడ కాగితము, కలము చేతబట్టి, "ఏమండీ, ఇది నూనె తాగే నెలా, మానే నెలా? సరుకుల చీటీ రాయాలి" అని ప్రశ్నించును. ఆ స్వరమున ఇసుమంతయు వ్యంగ్యము లేకుండుటయే నన్ను మిక్కిలి బాధించును.

నిజమునకు ఈ మతములలో మొదటి నెలలో ఫలింపనిది ఒక్కటియు లేదు. తిండి తగ్గించు విధానమేదైనను తూకమును తగ్గించును. చిక్కెల్ల రెండవ యేట. అమెరికాలో బరువు తగ్గు పందెమొకటి టెలివిజన్‌లో ప్రదర్శించిరి. అందు పాల్గొనిన 14 మందిని ఆరేండ్ల తరువాత పరీక్షించి 2016లో వెల్లడించినదేమనగా, వారిలో అధికసంఖ్యాకులు పోగొట్టుకొనిన బరువును చాలవరకు మరల గడించిరి. అంతియకాదు, వారి దేహములు ఊరక కూర్చుండినపుడు వ్యయము చేయు శక్తి, ఆ పరిమాణము గలవారికి ఉండవలసినదానికంటె దినమునకు సుమారు 500 కెలోరీలు తక్కువగ నుండెను. పాత బాకీని మరువని షావుకారు వలె దేహము ఆరేండ్ల తరువాత కూడ ఖాతాపుస్తకము మూయలేదన్నమాట. ఈ వార్త చదివిన రాత్రి నాకు కలిగిన మనశ్శాంతి వర్ణనాతీతము. నా పరాజయములలో నా పాలు సగమేనని తేలినది.

తక్కిన సగము బంధువులది. సన్నబడినవానికి మన సమాజమున గౌరవము లేదు, సానుభూతి కలదు. ఒకమారు నేను నిజముగనే చెప్పుకొనదగినంత తగ్గి, ఆ యశస్సును నలుగురికి చూపవలెనను కోరికతో ఒక శుభకార్యమునకు బోగా, మా పెద్దమ్మ నా చెంపలు రెండు చేతులతో పట్టుకొని, "ఏమిట్రా నాయనా ఇలా చిక్కిపోయావు, సుగరేమైనా వచ్చిందా?" అని కంట తడి పెట్టినది. సుగరు రాకుండుటకే ఈ తపస్సని విన్నవించుకొనులోపల ఇద్దరు పినతండ్రులు తమకు తెలిసిన వైద్యుల పేర్లు చెప్పిరి; ఒక వదినగారు మా ఆవిడ వంక అదొకవిధముగ చూచినది. ఆ చూపుతో నా ఆహారనియమము కుటుంబగౌరవసమస్యగ పరిణమించినది. ఇంతకంటె దుస్తరమైనది అత్తవారిల్లు. అచట నేను అన్నము చాలని విస్తరిపై చేయి అడ్డముంచగనే వంటింటినుండి, "అల్లుడుగారు ఏమీ ముట్టుకోవడం లేదు, పులిహోర కుదరలేదో ఏమో" అను మాట, నాకు వినబడునంత మెల్లగ, వినబడును. కెలోరీల శాస్త్రమంతయు కంఠస్థమైనవాడైనను ఆ మాటకు ప్రత్యుత్తరము చెప్పగలడా? నేను మాత్రము చేయి తీసివేసితిని. పులిహోర మహత్తరముగ కుదిరినది.

నడక యొక్కటియే నిర్వివాదమైన మార్గమని తలచి కొంతకాలము మా విశాఖపట్టణపు రామకృష్ణా బీచిలో నడచితిని. అచట కోడి రామమూర్తి నాయుడుగారి విగ్రహము కలదు. ఇనుపగొలుసులు తెంచి, రొమ్ముపై ఏనుగును మోసి లోకమును విభ్రాంతికి లోనుచేసిన ఆ శాకాహారి, దినమునకు ఎన్ని అడుగులు వేసెడివాడో లెక్కించినవారు లేరు. ఆయన ముందునుండి పోవు మేము మాత్రము మణికట్టు చూచుకొనుచు 10,000కు ఎన్ని తక్కువైనవో గణించుకొందుము. ఈ పదివేల సంఖ్య ఏ ఋషిప్రోక్తమును గాదు. టోక్యో ఒలింపిక్కులు ముగిసిన మరుసటి యేట, అనగా 1965లో, జపానులో అడుగులు లెక్కించు యంత్రమొకటి ఆ సంఖ్యయే పేరుగ అంగళ్లకెక్కినది. వృద్ధస్త్రీలను పరిశీలించి అమెరికావారు 2019లో ప్రకటించిన దానిని బట్టి 7,500 అడుగుల దాపున ఆయుర్లాభము నిలిచిపోవును. మిగిలిన 2,500 అడుగులను మా మిత్రబృందము పెసరట్టు ఉప్మా దొరకు హోటలువైపు మళ్లించినది. గంటసేపు నడచి సంపాదించిన పుణ్యము పావుగంటలో చెల్లిపోయెడిది.

శాస్త్రప్రమాణము లేక నేనేమియు చేయువాడను గాను. బలవంతులు, స్నిగ్ధభోజనము చేయువారు కూడ శీతకాలమునను వసంతమునను తమ శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెనని, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గింపవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించినాడు. శక్తిలో సగమెంతయో నిర్ణయించు భారమును ఆయన నాకే వదలినాడు. గ్రీష్మమెంతకాలమో నిర్ణయించు భారమును విశాఖపట్టణపు ఉక్కపోత స్వీకరించినది.

అయినను నా పక్షమున నిలిచిన మహాసాక్ష్యము లండనునుండి వచ్చినది. ఇరువదియొక దినములలో అలవాటు స్థిరపడునను ప్రచారము, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అను ప్లాస్టిక్ సర్జను 1960 నాటి తన గ్రంథమున రోగులు క్రొత్త ముఖమునకు అలవాటుపడు కాలమును గూర్చి వ్రాసిన మాటనుండి పెరిగినది. లండను పండితులు 96 మందిని పరిశీలించి 2009లో ప్రకటించినది వేరు. అలవాటు కుదురుటకు 18 మొదలు 254 దినముల వరకు పట్టవచ్చును, సగటున 66. ఇంతకంటె రమ్యమైన విషయము: నడుమ ఒకనాడు తప్పినంత మాత్రమున అలవాటునకు చెప్పుకొనదగిన హాని కలుగదట! విరామము దోషము కాదు, మరల మొదలిడకపోవుటయే దోషమను నా సిద్ధాంతమునకు ఇంతకంటె ఏమి కావలెను? ఉత్సాహముతో మా ఆవిడకు చదివి వినిపించితిని. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీయుచునే, "ఒక్క రోజన్నారు గానండీ, ఆషాఢమంతా అనలేదు కదా" అన్నది.

ఆ మరునాటినుండి మా ఇంట కొన్ని మార్పులు జరిగినవి. వారమునకొకమారు తెచ్చుకొను కూరగాయలు ఏనాటివానాడే తెచ్చుకొనవలెనను నియమము వచ్చినది. స్కూటరు తాళపుచెవి ఏ దేవతామూర్తి వెనుక దాగినదో నాకు కానరాలేదు. రైతుబజారు నడిచి పోదగినంత దూరము, విసుగు పుట్టునంత దూరము. నేను వంకాయలతో తిరిగివచ్చి చెప్పులు విడుచుచుండగనే ఆమెకు కరివేపాకు జ్ఞాపకము వచ్చును. ఇన్నేండ్ల కాపురమున ఒక్క శ్రాద్ధతిథి మరువని ఆ ఇల్లాలు, ప్రతిదినము కరివేపాకును మరచుట నేను గమనింపకపోలేదు. దీనికి రుసుము లేదు, బూట్లు లేవు, ఎవరును అభినందింపరు. అందుచే విరమించుటకు తగిన సందర్భమును ఇంతవరకు లభింపలేదు.

అభినందింపరంటిని గాని, అమెరికానుండి మా అబ్బాయి పంపిన చేతిగడియారమున్నది. మొన్న రెండవమారు మెట్లెక్కుచుండగా అది మణికట్టుపై గిలగిల కొట్టుకొని, రంగురంగుల మతాబాలు వెలిగించినది.

"ఏమంటోందండీ అది?" అని అడిగినది మా ఆవిడ.

"లక్ష్యం సాధించానట. అభినందిస్తోంది."

"అభినందించనివ్వండి. ఈలోగా ఆ వంకాయల్లో పుచ్చులున్నాయేమో చూడండి."