గట్టు మీద వాకింగ్, గ్రూపులో పరువు

రాజమండ్రిలో ఆరోగ్యం బాగుచేసుకోవాలనుకునేవారు ముందు కొనాల్సింది బూట్లు కాదు, డేటా ప్యాకు. గోదావరి గట్టు మీద నడవడానికి కాళ్లు చాలు. నడిచామని నలుగురికీ తెలియాలంటే మాత్రం చేతికి వాచీ, వాచీకి యాప్, యాప్‌కి వాట్సాప్ గ్రూపు ఉండాలి.

గ్రూపు ఎంచుకోవడంలో తొందరపడకండి. మంచం దిగే ఉద్దేశం లేనివారు మెచ్చుకోళ్ల గ్రూపులో చేరండి. అక్కడ వీధి చివర పాలప్యాకెట్టు తెచ్చుకున్నా ‘అదరగొట్టేశారండి’ అంటూ గులాబీలు కురుస్తాయి. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు 790 మంది విద్యార్థులతో 11 వారాలు వ్యాయామం క్లాసులు నడిపి, ఆ లెక్క 2016లో అచ్చేశారు. పక్కవాళ్ల హాజరు చూపించి పోటీ పెట్టినవాళ్లు, ఏ గ్రూపూ లేనివాళ్లకంటే 90 శాతం ఎక్కువ వచ్చారు. ఒకరినొకరు ప్రోత్సహించుకోండని జట్టు కట్టించినవాళ్లు ఒంటరివాళ్లకంటే కూడా తక్కువే వచ్చారు. పొగడ్తతోనే కడుపు నిండితే ఇంక నడిచేదేముంది?

నిజంగానే ఒళ్లు తగ్గాలంటే వియ్యంకుడుగారున్న గ్రూపులో చేరాలి. రోజూ ఎవరెన్ని అడుగులేశారో వరసగా పేర్లు పడతాయి. పొద్దున్న ఏటిగాలికి హాయిగా నడిచొచ్చి, కాఫీ గ్లాసు పట్టుకుని ఫోను తెరుస్తారు. వియ్యంకుడుగారు 600 అడుగులు ముందుంటారు. అంతే, కాఫీ చేదెక్కుతుంది. రాత్రి పదకొండున్నరకి డాబా మీద గోడ నుంచి గోడకి మీరు తిరుగుతుంటే, కింద నుంచి ‘ఏవండీ, ఏమైందండీ మీకు?’ అని కేక వినిపిస్తుంది. జవాబివ్వకండి, ఊపిరి దండగ. తెల్లారేసరికి మీరే ముందున్నా సంబరపడకండి. 2017లో అచ్చయిన మరో పరిశోధన సుమారు 11 లక్షలమంది రన్నర్లను గమనించి తేల్చిందేమిటంటే, వెనకబడ్డవాడే ముందున్నవాణ్ణి ఎక్కువ పరిగెత్తిస్తాడట. కనక వెనకే ఉండండి. వియ్యంకుడుగారి గుండె బాగుచేసిన పుణ్యం మీకే.

పదివేల అడుగులే ఎందుకని మాత్రం గ్రూపులో అడక్కండి. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషను అమ్ముకోడానికి వాడిన అంకె అది. సగటున 72 ఏళ్లున్న అమెరికా ఆడవాళ్లను పరిశీలించి 2019లో చెప్పిన లెక్క ప్రకారం, 7,500 దాటాక అదనంగా ఒరిగిందేం లేదు. ఈ ముక్క గ్రూపులో పెడితే అడ్మిన్‌గారు చెరిపేస్తారు. లెక్క చాలకపోతే కరెంటు పోయినప్పుడు వాచీ ఉన్న చేత్తో విసనకర్ర ఊపుకోండి.

ఫొటోలు పెట్టేవారికి కాస్త భూగోళం తెలియాలి. ఓ పెద్దమనిషి ‘పుష్కరఘాట్‌లో ఇవాళ్టి సూర్యోదయం’ అంటూ నీళ్ల మీద ఎర్రటి బింబం పెట్టారు. రాజమండ్రి ఒడ్డున నిలబడితే సూర్యుడు గోదాట్లో మునుగుతాడే గాని లేవడు. నీళ్ల మీద సూర్యోదయం కావాలంటే కొవ్వూరు పోవాలి. గ్రూపులో ఒకాయన మహా వినయంగా అడిగారు: ‘కొవ్వూరుదాకా నడిచెళ్లారా అండి? ఏం ఓపికండి బాబూ మీది!’ ఆ వారమంతా పెద్దమనిషిగారింట్లో నెట్టు పనిచేయలేదట. మన గోదావరి జిల్లాల్లో తిట్టుకి భయపడక్కర్లేదు గాని, ‘అండి’ రెండుసార్లు పడిందంటే ఇల్లు చేరుకోవడం మంచిది. ఒక్కరోజు వాకింగు మానేసి చూడండి, ‘కనపడలేదేంటండి, ఒంట్లో బానే ఉందాండి?’ అని పదిమంది పరామర్శిస్తారు. సాయంత్రానికి మీకే కాస్త నలతగా అనిపిస్తుంది.

వాకింగు అయ్యాక మినపరొట్టె మీద చెరకు పానకం పోయించుకుని తినండి, ఫొటో తీయకండి. హోటల్లో ఆ మూల బల్ల దగ్గర గ్రూపులో మొదటి మూడు స్థానాలవారూ కనిపిస్తారు. పలకరించి అక్కడే కూర్చోండి. అరగంట కబుర్లయ్యేసరికి, డాబా మీద ఎంత తిరిగినా రాని హుషారొస్తుంది. అది యాప్‌లో ఎక్కదు కనక లెక్కలోకి రాదు.

ఇదంతా మనవల్ల కాదనిపిస్తే గ్రూపులోంచి నిశ్శబ్దంగా జారుకోవచ్చు. ఇప్పుడు వాట్సాప్ ఆ సంగతి అడ్మిన్‌కి తప్ప ఎవరికీ చెప్పదు. మన అడ్మిన్‌కి చెబితే చాలు. సాయంత్రానికి ధవళేశ్వరందాకా తెలిసిపోతుంది: ‘పాపం, ఆయనకి మోకాళ్లు పోయాయటండి.’