తప్పు నోటిది, కోత కడుపుకి

హైదరాబాదులో ఏ ఫ్లైఓవర్ దిగినా ఆ హోర్డింగు ఎదురవుతుంది. ఎడమవైపు 120 కిలోల మనిషి, కుడివైపు 70 కిలోల అదే మనిషి, మధ్యలో బాణం గుర్తు. ఎడమవైపు మనిషికి నవ్వడం రాదు. వెలిసిపోయిన చుడీదారు, దువ్వని జుట్టు, ట్యూబులైటు వెలుగు. కుడివైపుకి వచ్చేసరికి కొత్త చీరా, మేకప్పూ, రెండు వరసల పళ్లూ ప్రత్యక్షం. కొవ్వు కరిగితే పళ్లు మొలుస్తాయని వైద్యశాస్త్రంలో ఎక్కడుందో గానీ, హోర్డింగు శాస్త్రంలో మాత్రం ఉంది.

ఆ బొమ్మలో లేనిదల్లా తేదీ. కుడివైపు ఫొటో ఆపరేషనైన ఎన్నాళ్లకి తీశారో ఏ మూలా రాయరు. స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం, బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లని ఏళ్ల తరబడి వదలకుండా తూచింది. ఏడాది, రెండేళ్లలో ముల్లు అట్టడుక్కి దిగుతుంది. అక్కణ్నుంచి మెల్లగా ఎక్కుతుంది. పదేళ్ల నాటికి, కడుపుని చిన్నది చేసి పేగుని దారి మళ్లించే బైపాస్ వాళ్లు మొదటి బరువులో 25 శాతం తక్కువగానూ, కడుపుకి బ్యాండ్ వేయించుకున్నవాళ్లు 14 శాతం తక్కువగానూ తేలారు. ఇది చిన్న సంగతేమీ కాదు. ఆపరేషన్ చేయించుకోని వాళ్లకన్నా వీళ్లలో మరణాలు తగ్గాయి కూడా. కాబట్టి ఆపరేషనే దండగని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నా పేచీ ఫొటో ముహూర్తంతో. ముల్లు అడుగు తగిలిన శుభఘడియ చూసుకుని కెమెరా బయటికి తీస్తారు. ఆరో ఏటి ఫొటో హోర్డింగెక్కదు. ఆరో ఏట మనిషే మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కుతుంది.

ఎక్కాక ఏమవుతుందో చూద్దాం. ఒక టీచరమ్మ అనుకోండి. కడుపుని కోసి సన్నం చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకుంది, 40 కిలోలు తగ్గింది, ఇప్పుడు అందులో పాతిక వెనక్కొచ్చాయి. కౌన్సిలింగ్ గదిలో కూర్చోబెడతారు. గాజు బల్ల మీద గులాబీరంగు ప్లాస్టిక్ కడుపు ఒకటుంటుంది. చేత్తో లాగితే రెండు ముక్కలవుతుంది, దగ్గరకి తెస్తే లోపలి అయస్కాంతం టక్కున అతికిస్తుంది. పక్కన టిష్యూ పేపర్ల డబ్బా. ఆ పక్కన ఈఎంఐ పట్టిక. ఏడుపుకీ వాయిదాకీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు.

"ఏం తింటున్నారు మేడం?"

"పొద్దున ఒక ఇడ్లీ, మధ్యాహ్నం కొంచెం పెరుగన్నం. సాయంత్రం టీలో రెండు బిస్కెట్లు."

"అదీ! బిస్కెట్లు! మీరే చెప్పారు చూడండి."

హంతకుడు దొరికిపోయినంత సంబరం.

"అయితే బిస్కెట్లు మానేస్తాను."

"మానేస్తే సరిపోదు మేడం. ఈ స్టేజిలో రివిజన్ ఒక్కటే దారి. స్లీవ్‌ని బైపాస్‌గా మార్చేస్తాం. ఈ నెలాఖరులోగా అడ్మిట్ అయితే ప్యాకేజీలో టెస్టులు ఫ్రీ."

ఈ నాలుగు మాటల్లోని తర్కాన్ని విడదీసి చూడండి. 40 కిలోలు తగ్గినప్పుడు ఆ ఘనత స్టేప్లర్‌ది, సర్జన్ గారిది, ఇటలీనుంచి వచ్చిన ఆపరేషన్ బల్లది. పాతిక వెనక్కొచ్చినప్పుడు ఆ పాపం టీచరమ్మ నోటిది. సరే, నోటిదే అనుకుందాం. మరి మళ్లీ కడుపెందుకు కోయడం? కాదు, లోపం కడుపులోనే ఉందంటారా? అలాంటప్పుడు నోటినెందుకు తిట్టడం? స్లాబు కారుతోందని పిలిస్తే, మీ ఊళ్లో వానలు మరీ ఎక్కువండీ అని మనల్నే కసిరి, పైన ఇంకో స్లాబుకి అడ్వాన్సు అడిగే మేస్త్రిని మనం గుమ్మం దాటనివ్వం. ఇక్కడ మాత్రం సిగ్గుతో తలదించుకుని సంతకం పెడతాం. ఆ సిగ్గు మీదే ఈ వ్యాపారమంతా నడుస్తోంది.

ఇంతకీ ఆ బిస్కెట్లని టీచరమ్మకి నేర్పిందెవరు? ఆపరేషనే. స్లీవ్‌లో కడుపులో 75 నుంచి 80 శాతం కోసి బయటికి తీసేస్తారు, అయస్కాంతాలేమీ పెట్టరు. మిగిలింది అరటికాయంత గొట్టం. అందులో మటన్ ముక్క అడ్డం పడుతుంది, చపాతీ ముద్దకట్టి వెనక్కి తంతుంది. పెళ్లి భోజనాల్లో పంక్తి మధ్యనుంచి లేచి వాష్‌బేసిన్ దగ్గరకి పరిగెత్తడం, వెనకనుంచి పిన్నిగారు "లక్షలు పోసి ఇదా తెచ్చుకుంది" అనడం, ఇవన్నీ అయ్యాక ఒంటికి ఒక పాఠం వంటబడుతుంది: గట్టిది నిలవదు, మెత్తటిది జారుతుంది. ఐస్‌క్రీమ్ జారుతుంది, జ్యూస్ జారుతుంది, టీలో నానిన బిస్కెట్ హాయిగా జారుతుంది. వాటికి ఎంత ఇరుకు గొట్టమైనా రాజమార్గమే. డిశ్చార్జి రోజున చేతిలో పెట్టిన జిరాక్సు కాగితంలో రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ అని ఉంటుంది. అది మింగుడుపడే విధానం మాత్రం ఉండదు. ఫాలోఅప్ అంటే డైటీషియన్ ఫోన్ నంబరు, డైటీషియన్ అంటే మూడు నెలలకొకసారి మారిపోయే అమ్మాయి.

ఇక ఒంటి సంగతి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా కడుపు పైభాగంలో తయారవుతుంది. స్లీవ్‌లో ఆ భాగం పోతుంది కాబట్టి మొదట్లో ఆకలి చచ్చిపోతుంది. కానీ మెదడుకి హోర్డింగు కనబడదు. 40 కిలోలు పోయాయంటే దానికి తెలిసిన అర్థం ఒకటే, కరువొచ్చిందని. ఖర్చు తగ్గిస్తుంది, ఆకలి పెంచుతుంది, పోయినదాన్ని తిరిగి దాచుకోవాలని చూస్తుంది. టీచరమ్మకి మనోబలం లేదని తేల్చేసిన కౌన్సిలర్ అమ్మాయికి ఈ ముక్క ట్రైనింగులో చెప్పలేదో, చెప్పినా ప్యాకేజీలో లేదో.

స్లీవ్ చరిత్ర ఇంకా తమాషా. మరీ భారీ శరీరాలకి ఒకేసారి పెద్ద ఆపరేషన్ చేస్తే ప్రమాదమని, దాన్ని రెండు విడతలుగా చేసేవారు. స్లీవ్ అందులో మొదటి విడత. ఆ విడతకే చాలామంది బాగా తగ్గడంతో రెండోది అక్కర్లేదన్నారు, స్లీవ్ ఒక్కటే సొంతకాళ్ల మీద నిలబడింది. ఇప్పుడా వదిలేసిన రెండో విడత రివిజన్ పేరుతో తలుపు తడుతోంది. మొదటిసారి సంతకం పెట్టిననాడు ఇది తొలి వాయిదా అని ఒక్కరైనా చెప్పారా?

బ్యాండ్ కథ చూస్తే వాయిదాలకి అంతే ఉండదు. కడుపు పైన సిలికాన్ పట్టీ బిగించే ఈ పరికరానికి అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. అప్పట్లో కాలిఫోర్నియా దక్షిణ భాగమంతా దాని హోర్డింగులే. రిస్కుల సంగతి సరిగ్గా చెప్పడం లేదని 2011 డిసెంబరులో అక్కడి మందుల, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎనిమిది ఆపరేషన్ కేంద్రాలకీ, ఒక ప్రకటనల సంస్థకీ హెచ్చరిక లేఖలు పంపింది. తర్వాత ఎవరో పుణ్యాత్ములు లెక్కలు తీశారు. 2006 నుంచి 2013 వరకు అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ కింద బ్యాండ్ వేయించుకున్న దాదాపు 25,000 మందిలో 18.5 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ పడింది. అదీ ఒకసారి కాదు, ఒక్కొక్కరికి సగటున దాదాపు నాలుగుసార్లు. బ్యాండ్ల మీద మెడికేర్ పోసిన 47 కోట్ల డాలర్లలో సగానికి దగ్గరగా మరమ్మతులకే పోయింది. పెళ్లి ఖర్చెంతో విడాకుల ఖర్చూ అంతేనన్నమాట. ఫుట్‌బాల్ వీరుడు మారడోనాకి కూడా ఒక బైపాస్‌తో తీరలేదు. 2005లో కొలంబియాలో ఒకటి, పదేళ్లకి వెనిజులాలో ఇంకొకటి. ప్రపంచకప్ ఎత్తిన మనిషికి మనోబలం తక్కువని అక్కడి కౌన్సిలర్ అన్నాడో లేదో మరి.

మన దగ్గర హోర్డింగుల్ని అడిగే చట్టం లేదా అంటే, ఉంది. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం, స్థూలకాయాన్ని మాయం చేస్తామని మందులకీ తాయెత్తులకీ ప్రచారం చేయడం నేరమంది. పాపం, కత్తి సంగతి ఆనాడు ఎవరికి తోచింది? డాక్టర్ల కోసం 2002లో రాసిన ప్రవర్తనా నియమాలు రోగుల్ని రమ్మని పిలవడమే తప్పన్నాయి. వైద్యుడు నడిపే ఆస్పత్రి ప్రకటనలో పేరు, ఎలాంటి రోగుల్ని చేర్చుకుంటారో, సౌకర్యాలు, ఫీజు, ఇంతకు మించి ఉండకూడదన్నాయి. అయితే కార్పొరేట్ ఆస్పత్రిని నడిపేది వైద్యుడు కాదుగా, షేర్‌హోల్డరు!

రెండో ఆపరేషన్ నిజంగా అవసరమైనవాళ్లు ఉన్నారు, వాళ్ల విషయంలో నాకు వెటకారం లేదు. స్లీవ్ తర్వాత కొందరికి పడుకుంటే చాలు పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నుతాయి. రెండు దిండ్లు పెట్టుకుని, సగం కూర్చుని తెల్లవార్లూ గడుపుతారు. ఫిన్లాండులో స్లీవ్‌నీ బైపాస్‌నీ పదేళ్లపాటు పోల్చి చూస్తే, అన్నవాహిక పుండుబడినవాళ్లు స్లీవ్ వైపు 31 శాతం, బైపాస్ వైపు 7 శాతం. అలాంటివాళ్లకి స్లీవ్‌ని బైపాస్‌గా మార్చడం వైద్యమే. గొట్టం మెలిపడినా, ఇరుకైపోయినా, బ్యాండ్ జారినా, గోడలోకి కోసుకుపోయినా వైద్యమే. విచిత్రమేమిటంటే హోర్డింగు మీద వీళ్లకి చోటుండదు. గుండెల్లో మంట ఫొటోలో పడదు కదా.

అసలు పేచీ ఎండోస్కోపీ చేయకుండా, మందునీళ్లు తాగించి ఎక్స్‌రే తీయకుండా, పావుగంటలో బిస్కెట్ల ఆధారంగా తేల్చేసే రివిజన్‌తో. మొదటి ఆపరేషన్ నోట్సు ఎక్కడ? ఎంత లావు గొట్టం పెట్టి కోశారు, పైభాగం ఎంత మిగిల్చారు? టీచరమ్మ దగ్గరున్న డిశ్చార్జి సమ్మరీలో ఆపరేషన్ సక్రమంగా జరిగినదని మాత్రం ఉంటుంది. మధ్యలో ఆవిడకి థైరాయిడ్ వచ్చిందా, ఆయాసానికి స్టెరాయిడ్లు వాడిందా, మానసిక వైద్యుడు బరువు పెంచే మాత్రలేమైనా రాశాడా, షుగరుకి ఇన్సులిన్ మొదలైందా? ఇవి అడగడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ జవాబుల్లో ఏదైనా అవునని తేలితే ప్యాకేజీ అమ్ముడుపోదు.

ఒకసారి కోసి కుట్టిన పొట్టలో పేగులూ కండరాలూ అతుక్కుపోయి ఉండొచ్చు. అందుకే రెండో కోతలో లీకులూ, ఇతర చిక్కులూ మొదటిసారికన్నా ఎక్కువ. గోరుచుట్టు మీద రోకటిపోటు. బైపాస్ కూడా చాలలేదని పేగుని ఇంకా పొడవుగా తప్పిస్తే, తిన్నది ఒంటబట్టక విరేచనాలు, కాళ్ల వాపులు, ప్రోటీన్ లోపం. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు బతికినన్నాళ్లూ. ఈ వాక్యాలు కన్సెంట్ ఫారంలో ఉంటాయి, కాదనను. చీమల బారులో, ఇంగ్లీషులో, అనస్తీషియా టైమయిందని నర్సు తొందరపెడుతున్నప్పుడు.

బీమా వాళ్ల తమాషా వేరు. ఆపరేషన్ ఖర్చివ్వాలంటే, మన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లెక్కలో బీఎంఐ కనీసం 40 ఉండాలి, లేదా కనీసం 35 ఉండి తీవ్రమైన జబ్బులుండాలి. టీచరమ్మ బీఎంఐ 34 దగ్గర ఆగిందనుకోండి, ఆస్పత్రి లెక్కలో ఫెయిలు, బీమా లెక్కలో పాసు, అంటే పైసా రాదు. రెండు మార్కుల జాబితాలూ చేత పట్టుకుని ఆవిడ బంగారం తాకట్టు కొట్టుకి వెళ్తుంది.

ఈలోగా బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చిపడ్డాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో దిగాయి. వాటికన్నా ముందే లిరాగ్లుటైడ్ అనే ఇంజెక్షన్ మీద ఒక పరీక్ష జరిగింది. ఆపరేషన్ తర్వాత సరిగ్గా తగ్గని 70 మందిని తీసుకున్నారు. 24 వారాల్లో మందు వాడినవాళ్ల బరువు సగటున 8.8 శాతం తగ్గింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ వాళ్లది అర శాతం. ఈ ఇంజెక్షన్లు దిగినప్పుడు చవకగానూ లేవు, మానేస్తే బరువు తిరిగొస్తుందన్న బెంగా ఉంది. కానీ సూది గుచ్చగానే ఆకలి తగ్గిపోయిందంటే, ఇన్నాళ్లూ టీచరమ్మ మీద మోపిన శీలపరీక్ష సంగతేమిటి? ఇంజెక్షన్ ఆవిడకి నీతిబోధ చేయలేదే, బిస్కెట్ల లెక్క అడగలేదే! అదే కౌన్సిలర్ అమ్మాయి ఇప్పుడు అదే గదిలో, అదే ప్లాస్టిక్ కడుపు పక్కన కూర్చుని, "ఊబకాయం హార్మోన్ల జబ్బు మేడం, మీ తప్పేం లేదు" అంటోంది. పోయిన వారందాకా తప్పు ఎవరిదో మరి.

మళ్లీ కోయించుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఆ గదిలో ఒక రిజిస్టరు అడిగి చూడండి. అయిదేళ్ల కిందట ఇదే ఆస్పత్రిలో ఈ ఆపరేషన్ ఎంతమందికి చేశారు, వాళ్లలో ఇప్పటికీ చూపించుకోవడానికి వస్తున్నవాళ్లెందరు, ఎందరిని రెండోసారి కోశారు, ఆ రెండో కోత తర్వాత వాళ్ల బరువెంత? చూపిస్తే కూర్చుని నిదానంగా మాట్లాడండి. ఆ కాగితాలు పట్టుకెళ్లి కత్తి పట్టని ఎండోక్రైనాలజిస్టుకి ఒకసారి చూపించండి. "అలాంటి డేటా మేం బయటికివ్వం మేడం, మా సక్సెస్ హోర్డింగు మీదే ఉంది కదా" అంటే మాత్రం, రిసెప్షన్‌లో పార్కింగ్ చీటీ మీద ముద్ర వేయించుకుని బయటపడండి. ముద్ర లేకపోతే దానికీ గంటకింతని వసూలు చేస్తారు.